లోపల విడిచిన చెప్పులు

ఈ మధ్య పనిబడి అబిడ్స్ జనరల్ పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరు వెనక ఒకాయన గుడ్డతో కుట్టిన పార్సిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నాడు. ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారని నేను అనుకోలేదు. కాలిన లక్క, తడి జిగురు, గోనెసంచి కలిసిన ఆ వాసన తగిలేసరికి నా వంతు వచ్చిన సంగతి కూడా గమనించలేదు. వెనకున్న కుర్రాడు "అంకుల్, పదండి" అనేదాకా నేను అక్కడ లేను.

నా ఈడువాళ్లకు తొంభైల నాటి హైదరాబాదు అంటే డబుల్ డెక్కర్ బస్సులు, ఇరానీ హోటళ్లు గుర్తుకొస్తాయి. నాకు పోస్టు బాక్సు తాళంచెవి గుర్తుకొస్తుంది.

మా గుంపుకు పేరు లేదు, చిరునామా లేదు. పోస్టు బాక్సు నంబరు మాత్రం ఉండేది. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, ఆడో మగో తేల్చి చెప్పమంటే చెప్పలేనివాళ్లు ఎవరైనా దానికి రాయవచ్చు. పోస్టాఫీసుకు ఇచ్చిన దరఖాస్తులో 'సాహిత్యాభిమానుల ఉత్తరాల కోసం' అని రాశాం. తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివినవాణ్ని కాబట్టి అది అబద్ధమని ఇప్పటికీ ఒప్పుకోను.

అప్పట్లో మా ప్రేమ నేరం. 1860లో ఇంగ్లీషు దొరలు రాసిపెట్టిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. పదేళ్ల దాకా జైలు, జడ్జికి తోస్తే యావజ్జీవం. కోర్టు దాకా వెళ్లిన కేసులు తక్కువే. పార్కులో నిలబడినవాడి జేబు ఖాళీ చేయడానికీ, బయట చెబుతామని బెదిరించడానికీ ఆ సెక్షన్ నంబరు వినిపిస్తే చాలు. అందుకే కవరు విప్పేముందు ఒకసారి చుట్టూ చూడటం మాకు అలవాటైంది. నాకు ఆ అలవాటు ఇంకా పోలేదు. కరెంటు బిల్లు వచ్చినా చుట్టూ చూసే విప్పుతాను.

* * *

నంబరు ఎలా తెలిసేదో గాని ఉత్తరాలు మాత్రం వచ్చేవి. 1990లో ముంబైలో మొదలైన బాంబే దోస్త్ పత్రిక చేతులు మారి, జిరాక్సుకు జిరాక్సు తీసి, అక్షరాలు అలుక్కుపోయిన స్థితిలో మా దాకా చేరేది. అలాగే మా నంబరు కూడా చేతులు మారి నంద్యాల, తుని, జగిత్యాల వెళ్లేది. ఉత్తరాల మీద పంపినవారి చిరునామా ఉండదు. జవాబు ఎలా పంపాలో లోపల రాసేవాళ్లు. "కార్డు వద్దు, కవరే రాయండి." "ఫలానా సైకిల్ షాపు పేరు మీద పంపండి." "మా నాన్నగారు కవరును దీపానికి అడ్డం పెట్టి చూస్తారు, దయచేసి మధ్యలో కార్బన్ కాగితం పెట్టండి." ఆ కార్బన్ కాగితం ఉత్తరం రాసిన ఆమె తర్వాత మా గదికి కూడా వచ్చింది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

జవాబులు రాసే పని నాది. నేను ఒక తెలుగు దినపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ని కాబట్టి చేతిరాత బాగుంటుందని అందరూ నమ్మేవారు. రాత్రి డ్యూటీ అయ్యాక, ప్రెస్సు మోత నేలలోంచి కాళ్లకు తెలుస్తుండగా, ఆఫీసు బల్ల మీదే రాసేవాణ్ని. చాలా ఉత్తరాలకు ఒకే జవాబు: మీరు ఒక్కరే కారు, ఇది జబ్బు కాదు, బలవంతపు పెళ్లికి తొందరపడి తల ఊపకండి. 

ఒక ఉత్తరానికి మాత్రం ఆ జవాబు చాలలేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చింది. రాసినాయనకు వ్యవసాయం తప్ప వేరే పని తెలియదు. పెద్ద పెద్ద అక్షరాలు. "అయ్యా, మన లాంటివాళ్లంతా ఉండే ఊరు ఎక్కడైనా ఉందా? ఉంటే ఏ బస్సు ఎక్కాలో రాయండి. నేను నాగలి పట్టగలను, గొడ్లను చూడగలను, ఎవరికీ భారం కాను." ఇంతే ఉత్తరం.

ఆ ఆదివారం గదిలో మా అందరికీ పెద్ద గొడవ. అలాంటి ఊరు లేదని నిజం రాయాలని నేను. లేదని రాస్తే ఆ మనిషి ఏమవుతాడో ఆలోచించమని ఇంకొకరు. చివరికి మాస్టారు అన్నారు, "ఇంకా కట్టలేదని రాయి. అదీ నిజమే."

అలాగే రాశాను. కట్టేటప్పుడు కబురు చేస్తామని కూడా రాశాను. ఆయన నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.

* * *

గది చిక్కడపల్లిలో, మేడ మీద. ఆ వీధుల్లో గదికో ఉద్యోగ పరీక్షల అభ్యర్థి ఉంటాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం ఒక గదిలోకి పన్నెండు మంది ఎక్కితే గ్రూప్ టూ చర్చ అనుకుంటారు. అనుమానం రాగలిగింది చెప్పుల దగ్గరే. గుమ్మం ముందు అన్ని జతలా అని ఇంటివాళ్లు లెక్కపెడతారు, వాటిలో ఆడవాళ్ల చెప్పులుంటే మరీను. అందుకని మెట్లెక్కాక చెప్పులు చేత పట్టుకుని లోపలికి తెచ్చి, గోడవారన పాత పేపర్ల మీద వరసగా పెట్టేవాళ్లం. నేను ప్రూఫు దిద్దిన పేజీల మీదే. పెద్దక్క హైహీల్స్ ఒకసారి సరిగ్గా సంపాదకీయం మీద నిలబడ్డాయి. తీయబోతే వద్దన్నారు మాస్టారు.

పెద్దక్క హిజ్రా. పాతబస్తీ దగ్గర గురువు ఇంట్లో పెరిగింది. మాస్టారు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పెళ్లి లేదు. కార్బన్ కాగితం ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. ఒక వకీలు, ఒక మోటారు మెకానిక్కు, ఇంజినీరింగ్ పిల్లలు ఇద్దరు ముగ్గురు. ఆడవాళ్లు తక్కువ. ఆదివారం ఇల్లు కదలాలంటే వాళ్లు ఒక అబద్ధం కాదు, వరసగా మూడు అబద్ధాలు చెప్పి రావాలి.

మేం చేసిన పనుల్లో ఉద్యమం అనదగినవి కొన్నే. కరపత్రాలు, ఉత్తరాలు, పోలీసు స్టేషన్ నుంచి ఎవరినో విడిపించుకు రావడం. మిగిలిన కాలమంతా ఒక ఆట ఆడేవాళ్లం. దాని పేరు 'తెల్లవారితే'. నియమం మాస్టారు పెట్టారు. రేపు తెల్లవారేసరికి లోకం మనకు కావలసినట్టు మారిపోయిందనుకోవాలి. నిద్ర లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేస్తావో చెప్పాలి. స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం అన్న మాటలు వాడకూడదు. వాడితే టీ డబ్బులు వాడినవాడివే.

ఆ నియమం ఎంత కఠినమైనదో ఆడితేనే తెలుస్తుంది. ఇంజినీరింగ్ పిల్లలు మొదటి నిమిషంలోనే టీ డబ్బులు పోగొట్టుకునేవాళ్లు. మెకానిక్కు చాలా తేలిగ్గా చెప్పాడు. ఇద్దరికీ సినిమా టికెట్లు కొంటాడట, ఇంటర్వెల్లో దీపాలు వెలిగాక కూడా పక్కవాడి చెయ్యి వదలడట. టైపిస్టుకు ఒక ఇల్లు, దాని ముందు నేమ్‌ప్లేటు, దాని మీద రెండు పేర్లు కావాలి. రెండూ ఇంటిపేర్లతో సహా. వకీలుకు పెళ్లి రిజిస్ట్రేషను కావాలి. "స్వర్గంలో కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసేనా నాయనా?" అని మాస్టారు తల పట్టుకునేవారు.

పెద్దక్క మాత్రం, "బ్యాంకుకు వెళ్తాను. లైన్లో నిలబడతాను. ముందున్నావిడ వెనక్కి తిరిగి చూస్తుంది. చూసి మళ్లీ ముందుకు తిరుగుతుంది" అంది.

"అంతేనా అక్కా?"

"ఇంకా ఉంది. ముసలిదాన్ని అయ్యాక పింఛను లైన్లో కూడా నిలబడతాను."

అందరం నవ్వాం. హిజ్రాకు సర్కారు పింఛను! ఆ రోజుల్లో అంతకన్నా విడ్డూరం వేరే లేదు.

నా వంతు వచ్చినప్పుడు నాకేమీ తోచేది కాదు. ఉన్నదాన్ని సరిదిద్దడమే వృత్తి అయినవాడికి లేనిదాన్ని ఊహించడం చేతకాదు. నా పని రాసుకోవడం.

* * *

ఆట మధ్యలో మాస్టారు కథలు చెప్పేవారు. ఇంగ్లండులో షెఫీల్డు దగ్గర మిల్‌థార్ప్ అనే పల్లెలో ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే ఆయన ఉండేవాడు. 1883లో అక్కడ నేల కొని కూరగాయలు పండించాడు, తర్వాత జార్జ్ మెరిల్ అనే కార్మికుడితో ఆ ఇంట్లోనే బహిరంగంగా కాపురం ఉన్నాడు. ఇదే నేరానికి రచయిత ఆస్కార్ వైల్డ్‌ను జైల్లో వేసిన దేశంలో, ఆ కాలంలోనే! మనసుకు నచ్చిన మనిషితో, చేతిపని చేసుకుంటూ, ఎవడి మీదా పెత్తనం లేకుండా బతకడం రేపటి సమాజానికి నమూనా అని ఆయన నమ్మకం. అది చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. ఈయన రాసిందే చదివి, నాగరికతను జబ్బు అన్న ఇంగ్లీషు రచయిత అని గాంధీ 1909లో తన పుస్తకంలో తలచుకున్నాడు.

మాకు బాగా నచ్చింది వేరే సంగతి. కార్పెంటర్‌కు ఒక స్నేహితుడు కశ్మీరు నుంచి చెప్పుల జత పంపాడు. ఆయన ఆ నమూనా చూసి తానే చెప్పులు కుట్టి అమ్మాడు. బూట్లలో బిగిసిన ఇంగ్లీషు పాదాలకు విముక్తి అన్నాడట. మాస్టారు ఈ మాట చెప్పి గోడవారన వరసగా ఉన్న మా చెప్పుల వైపు చెయ్యి చూపించేవారు. ఆయనకు నాటకీయత కొంచెం ఎక్కువ.

బెర్లిన్‌లో డాక్టర్ మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో పెట్టిన లైంగిక విజ్ఞాన సంస్థ గురించీ చెప్పేవారు. సలహాలు, వైద్యం, గ్రంథాలయం అన్నీ ఒకే కప్పు కింద. 1933 మేలో నాజీలు ఆ పుస్తకాలను వీధిలో తగలబెట్టారు. అంతకు రెండేళ్ల ముందు ఆయన మన దేశం కూడా తిరిగి వెళ్లాడు.

న్యూయార్కులో 1970లో మార్షా జాన్సన్, సిల్వియా రివేరా కలిసి, ఇళ్లలోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లలకు ఒక ఇల్లు నడిపారని, అద్దె కోసం తామే వీధిలో నిలబడి సంపాదించారని చెప్పిన రోజు పిల్లలంతా కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. పెద్దక్క మాత్రం ఆవలించింది.

"ఇందులో కొత్తేముంది మాస్టారూ? మా గురువు ఇల్లు అదే కదా. నన్ను గెంటేస్తే ఆవిడ అన్నం పెట్టింది. అమెరికా దాకా ఎందుకు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. మేం పుస్తకాల్లో వెతుకుతున్నది నగరంలో కొన్ని వందల ఏళ్లుగా ఉంది. గురువు, చేలా అంటే శిష్యురాలు, నానిగురువు అంటే గురువుకు గురువు, అక్కచెల్లెళ్లు. రక్తంతో పనిలేని చుట్టరికం. అదే ఊపులో మా వకీలు దాన్ని పొగడబోతే పెద్దక్క అడ్డు తగిలింది. గురువుకు కట్టే వాటా సంగతి, తప్పు చేస్తే వేసే జరిమానాల సంగతి, ఇల్లు విడిచిపోతే ఎదురయ్యే వెలి సంగతి చెప్పింది. "ఇల్లే. స్వర్గం అనకండి."

ఆశల గురించి నేను తర్వాత చాలా చదివాను గాని, ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడినవాళ్లు తక్కువ.

* * *

గోదావరి ఉత్తరం మమ్మల్ని వదల్లేదు. ఒక వానాకాలం ఆ ఊరి పటం గీయడం మొదలుపెట్టాం. పాత క్యాలెండరు వెనక, స్కెచ్ పెన్నులతో. చెరువు, బడి, గ్రంథాలయం, ఆటపాటల అరుగు, ముసలివాళ్లకు పొద్దునపూట ఎండ తగిలే వసారా. మెకానిక్కు ఒక బస్టాండు గీశాడు. ఎవరైనా అడిగితే ఏ బస్సో చెప్పాలి కదా అన్నాడు.

అప్పుడప్పుడు వచ్చే ఒక కుర్రాడు ఉండేవాడు. ఉస్మానియాలో ఎమ్మే చదివేవాడు, మాట తక్కువ. పటం చాలాసేపు చూసి అడిగాడు: "ఈ ఊళ్లో వాడ ఏ దిక్కున ఉంటుంది?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేం గీసిన ఊరికి మధ్యలో చెరువు ఉంది, చుట్టూ ఇళ్లున్నాయి. దళితులను ఊరవతలికి నెట్టే వాడ లేదని మేం సంబరపడవచ్చు. అతను అడిగింది అది కాదని అందరికీ తెలుసు. ఆ గదిలో కుర్చీలు మూడే. వాటి మీద ఎప్పుడూ కూర్చునేది ఎవరో, చాప మీద కూర్చునేది ఎవరో, టీ గ్లాసులు కడిగేది ఎవరో అతను చూస్తూనే ఉన్నాడు. ఇంగ్లీషు మాటలు ఎక్కువైన రోజున పెద్దక్క, మెకానిక్కు ఇద్దరే ఎందుకు ముందుగా లేచి వెళ్లిపోతారో కూడా చూశాడు.

వకీలు నొచ్చుకున్నాడు. మన పోరాటం వేరు, దాన్ని కలపకూడదు అన్నాడు. మాస్టారు నొచ్చుకోలేదు గాని ఉపన్యాసం మొదలుపెట్టారు, అది ఇంకా అధ్వాన్నం. పెద్దక్క ఆయన్ని ఆపి, "ఆ చెరువు గట్టు ఊడ్చేది ఎవరు? మరుగుదొడ్లు ఎవరు కడుగుతారు? ముందు అది గీయండి" అంది.

ఆ పటం తర్వాత ఎన్నో ఆదివారాలు నడిచింది. వంతుల పట్టిక వచ్చింది. గదిలో గ్లాసులు కడిగే వంతులు కూడా అప్పుడే వచ్చాయి. కుర్చీలు మూడూ తీసి ఇంటివాళ్లకు ఇచ్చేశాం. కుర్రాడు మాత్రం కొన్నాళ్లకు రావడం మానేశాడు. వాడు ఇప్పుడు ఎక్కడో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. మా గుంపు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ కుర్చీలు తీసేయడమే, అది అతని ప్రశ్న చేసిన పని.

* * *

తర్వాత ప్రాజెక్టుల కాలం వచ్చింది. హెచ్‌ఐవీ భయంతో ప్రభుత్వానికీ విదేశీ దాతలకూ మేం హఠాత్తుగా కనిపించాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాధి ఎక్కువ, డబ్బూ ఎక్కువే. మా వాళ్లలో సగం మంది జీతగాళ్లయ్యారు. ఆ డబ్బుతో ప్రాణాలు నిలిచాయి, దాన్ని నేను తక్కువ చేయను. ఆట మాత్రం ఆగిపోయింది. నెలకు ఎంతమందిని కలిశారు, ఎన్ని కండోములు పంచారు, ఎంతమందిని పరీక్షకు పంపారు అని రిజిస్టర్లు. 'తెల్లవారితే' అన్న గడి ఏ రిజిస్టరులోనూ లేదు.

అయినా ప్రాజెక్టు వాళ్ల డ్రాప్ ఇన్ సెంటర్లో, అంటే మావాళ్లు వచ్చి కాసేపు ఉండే చోట, ఒక అద్దం ఉండేది. నిలువుటద్దం. మధ్యాహ్నం పూట కూలి పనుల నుంచి, హోటళ్ల నుంచి, ఇళ్ల నుంచి కోతీలు, అంటే ఆడతీరు మనసున్న మగవాళ్లు, వచ్చేవారు. ప్యాంటు షర్టు విప్పి చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, టేప్ రికార్డరు పెట్టి ఒక గంట ఆడేవారు. తర్వాత మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఎవరో ఒకరి భర్తగా, తండ్రిగా బయటికి వెళ్లేవారు. గాజుల చప్పుడు ఆగి షట్టరు చప్పుడు మొదలయ్యే ఆ క్షణం నాకు నచ్చేది కాదు. లెక్కలు చూడటానికి వచ్చిన ఒక అధికారి అద్దం ఖర్చు ఏ పద్దు కిందిదని అడిగాడు. 'ఆరోగ్య విద్య' అని రాయించింది పెద్దక్క.

* * *

తేదీలు నాకు గుర్తుండవు, కొన్ని తప్ప. 1999 జులై 2న కోల్‌కతాలో పదిహేను మంది పసుపు టీషర్టులు వేసుకుని నడిచారు. దేశంలో మాలాంటివాళ్లు బహిరంగంగా నడిచే ప్రైడ్ యాత్రల లెక్క అక్కడి నుంచే మొదలు. పదిహేను మందేనా అని మేం కూడా నవ్వాం. సరిగ్గా పదేళ్లకు, 2009 జులై 2న, ఢిల్లీ హైకోర్టు మా ప్రేమ నేరం కాదంది. ఆ తేదీ కలవడం కాకతాళీయమే. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు.

హైదరాబాదులో మొదటి ప్రైడ్ యాత్ర 2013 ఫిబ్రవరిలో జరిగింది. ముసుగులు వేసుకున్నవాళ్లు, వేసుకోనివాళ్లు, డప్పులు. నేను ముసుగు జేబులో పెట్టుకుని వెళ్లాను, బయటికి తీయలేదు. అదే ఏడాది డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, మీరు జనాభాలో అత్యల్పం అంది. నేరస్థులుగా నిద్రపోయి మనుషులుగా లేచినవాళ్లం మళ్లీ నేరస్థులమయ్యాం.

ఆ నెల మొదటి వారంలోనే న్యూయార్కులో హోసే ఎస్తెబాన్ మున్యోజ్ 46 ఏళ్లకే పోయాడని నాకు చాలా కాలానికి తెలిసింది. క్యూబాలో పుట్టిన ఆ ఆచార్యుడు చెప్పిందేమిటంటే, మేం అనుకునే ఆ బతుకు ఇంకా రాలేదు, అది దిగంతంలో కనిపిస్తూ ఇప్పటి లోకం చాలదని చెబుతూ ఉంటుంది, ఉన్న వ్యవస్థలో ఒక కుర్చీ అడుక్కోవడం దగ్గర ఆగిపోతే దాన్ని పోగొట్టుకుంటాం అని. చదివి గట్టిగా నవ్వాను. గోదావరి రైతుకు మాస్టారు చెప్పించిన జవాబు ఇదే కదా.

తర్వాతివి అందరికీ తెలిసినవే. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన సుప్రీంకోర్టు నాల్సా తీర్పు, 2018 సెప్టెంబర్ 6న 377కు విరుగుడు. ఆ రోజు మా పాత మిత్రులు ఒక్కొక్కరే ఫోను చేశారు. మాస్టారు అప్పటికి లేరు.

న్యాయస్థానాలు ఇచ్చాయి అంటారు పత్రికల్లో. నేను ముప్పై ఏళ్లు ఆ పత్రికల్లోనే పని చేశాను, ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దబోయానో. ఢిల్లీలో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న బృందం 1991లోనే ఒక నివేదిక అచ్చువేసింది. 377 తీసేయాలనీ, ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించి మాకూ పెళ్లి హక్కు ఇవ్వాలనీ అందులో ఉంది. అప్పుడు దాన్ని పిచ్చివాళ్ల కోరికల జాబితా అన్నారు. మొదటిది నెరవేరింది. రెండోది 2023లో అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది. అక్టోబర్ 17న కాదన్నారు. కాదన్నా, ఆ వాదనలు రోజుల తరబడి దేశమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. మా టైపిస్టు రిటైరై, తన స్నేహితురాలితో సోఫాలో కూర్చుని, గొంగళి కప్పుకుని రోజంతా చూసింది. చిన్న కోరికలతో మొదలుపెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదని నా అభిప్రాయం. వకీలుకు ఇది నచ్చదు. వాయిదాలకు తిరిగింది ఎవరు అంటాడు. అదీ నిజమే.

* * *

పెద్దక్క గురువు ఒక రిజిస్టరు గురించి చెప్పేదట. పోలీసులు హిజ్రాల పేర్లు, ఇళ్లు రాసుకునే పుస్తకం. నిజాం కాలపు చట్టం, 1329 ఫస్లీ నాటిది, అంటే 1919. ఆడబట్టలతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం కాగితం మీద అలాగే ఉండిపోయింది. కొత్త రాష్ట్రం వచ్చాక పేరు ముందు తెలంగాణ అన్న మాట కూడా చేరింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న కోర్టు దాన్ని కొట్టేసింది. అంతటితో ఆగకుండా చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి చెప్పింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇవ్వాలంది.

వార్త చదివి పెద్దక్కకు ఫోను చేశాను. ఆమెకు అప్పటికే చూపు తగ్గింది, నేను చదివి వినిపించాను. పింఛను దగ్గరికి వచ్చేసరికి "ఆగు, మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను.

"ఆ రోజు నవ్వారు కదరా అందరూ" అంది. తర్వాత, "లైను ఎక్కడ?" అని అడిగింది.

లైను దాకా వెళ్లడానికి ముందు కార్డు కావాలి. 2019 నాటి చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రం. నేనెవరినో నాకు డెబ్బై ఏళ్లుగా తెలుసు, కలెక్టరుకు ఇప్పుడు తెలియాలట అని సణిగింది. ఆన్‌లైన్ దరఖాస్తు నేనే నింపాను. పాత ధ్రువపత్రాలు అడిగారు. ఆమె దగ్గర ఉన్నది గురువు ఇచ్చిన పేరు, ఒక రేషన్ కార్డు, అందులో ఇంకో పేరు. కాగితాలు తిరుగుతుండగానే ఆమె పోయింది. పింఛను లైన్లో ఆమె నిలబడలేదు. ఆమె చేలాలు ఇద్దరు ఇప్పుడు కార్డులు తెచ్చుకున్నారు. బ్యాంకు ఖాతాలు తెరిచారు. ముందున్నావిడ వెనక్కి తిరిగి చూసిందా అని వాళ్లను అడిగాను. "అప్పుడు మేం ఫోను చూసుకుంటున్నాం అన్నా, గమనించలేదు" అన్నారు.

* * *

ఇప్పుడు మాకు కొత్త పిచ్చి పట్టింది. మిగిలినవాళ్లమంతా అరవై దాటాం, దాటబోతున్నాం. పిల్లలు లేరు, ఉన్నా మాట్లాడరు. ఆసుపత్రిలో సంతకం పెట్టేవాళ్లు ఎవరన్నది అందరికీ ఉన్న భయం. అందుకని ఊరు కాకపోయినా ఒక ఇల్లు. నగరం అంచున, నేల మీద, మెట్లు లేనిది. టైపిస్టు జంట, మెకానిక్కు, వకీలు, నేను, పెద్దక్క చేలా ఒకామె. కొత్త కుర్రాళ్లు కొందరు వాట్సాప్‌లో పటం గీసి పంపుతున్నారు. వాళ్ల పటంలో స్విమ్మింగ్ పూల్ ఉంది. తీసేయమని నేనేమీ అనలేదు.

పోయిన వారం ఒక ఇల్లు చూశాం. వసారాకు పొద్దునపూట ఎండ బాగానే ఉంది. ఇంటాయన మా అందరినీ పైనుంచి కిందికి చూసి, "మీరంతా ఒకరికొకరు ఏమవుతారు?" అని అడిగాడు. వకీలు గొంతు సవరించుకుని రాజ్యాంగం 21వ అధికరణం దగ్గర మొదలుపెట్టాడు. టైపిస్టు అతని చెయ్యి పట్టి వెనక్కి లాగి, "అవన్నీ తర్వాత చెబుతాం గాని బాబూ, గేటు పక్కన నేమ్‌ప్లేటు పెట్టుకోనిస్తారా? కొంచెం పెద్దది" అంది. ఎంత పెద్దదని ఆయన అడిగాడు. ఆరు పేర్లు, ఇంటిపేర్లతో సహా అని చెప్పింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. మేం ఆదివారం ఇంకో ఇల్లు కూడా చూస్తున్నాం.